ప్రోటీన్ తయారైపోతే సరిపోదు: మొక్కల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తున్నాయి, అది మొక్క కణంలో ప్రోటీన్లకి గుర్తులు తగిలించే ఎంజైముల దగ్గరికి. అందుకే వాటిని ఒక దగ్గర చేర్చి జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: డిగ్రీ సెకండియర్ బోటనీ చదువుతున్నానండి. ప్రోటీన్లని మార్చే ఎంజైములు అని ఒక చాప్టర్ ఉంది. కైనేజ్, లైగేజ్, ట్రాన్స్‌ఫెరేజ్ అని పేర్లు, ఏది ఏ గ్రూపు అంటిస్తుందో ఒక పట్టిక. బట్టీ పట్టేశాను కానీ వీటికీ మొక్క పెరగడానికీ సంబంధం ఏంటో అర్థం కాలేదు. డీఎన్ఏలో ఉన్నదాన్ని బట్టి ప్రోటీన్ తయారైపోతే సరిపోదా?

జవాబు: సరిపోదమ్మా. నువ్వు అడిగింది చాలా మంచి ప్రశ్న, పట్టిక బట్టీ పట్టి ఊరుకోకుండా అడిగినందుకు సంతోషం. ప్రోటీన్ తయారవడం సగం పనే, తయారైన ప్రోటీన్ ఎప్పుడు పనిలోకి దిగాలి, కణంలో ఏ మూలకి వెళ్ళాలి, ఎవరితో జట్టు కట్టాలి, ఎప్పుడు నాశనమైపోవాలి ఇవన్నీ తర్వాత దానికి అంటించే చిన్న చిన్న రసాయన గుర్తులు చెప్తాయి, ఆ గుర్తులు అంటించేవీ పీకేసేవీ ఈ ఎంజైములే.

కైనేజ్ సంగతి చూడు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేట్ తీసుకుని ప్రోటీన్‌లో ఉన్న సెరీన్, థ్రియోనీన్, టైరోసిన్ లాంటి అమైనో ఆమ్లాలకి అంటిస్తుంది. ఫాస్ఫేట్‌కి నెగటివ్ చార్జి బాగా ఎక్కువ కాబట్టి అది అంటగానే ప్రోటీన్ ఆకారం కొంచెం తిరిగిపోతుంది, పని మొదలవుతుంది, లేదా ఆగిపోతుంది. ఫాస్ఫటేజ్ వచ్చి దాన్ని పీకేస్తే మళ్ళీ మొదటికి. ఈ ఏర్పాటు కనిపెట్టినందుకు ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకి 1992లో వైద్యంలో నోబెల్ వచ్చింది. మనిషిలో కైనేజ్‌లు దాదాపు 500 రకాలుంటే, ఆవాల కుటుంబానికి చెందిన అరాబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్కలో వెయ్యి పైనే ఉన్నాయి. నాకైతే ఇందులో వింతేమీ కనిపించదు, ఎండొచ్చినా వానొచ్చినా పురుగొచ్చినా మొక్క లేచి పక్కకి వెళ్ళలేదు, ఉన్న చోటే ఉండి లోపల సర్దుకోవాలి, అందుకే ఇన్ని.

రెండోది యుబిక్విటిన్. ఇది 76 అమైనో ఆమ్లాలున్న బుల్లి ప్రోటీన్. ఈ1, ఈ2, ఈ3 అనే మూడు ఎంజైములు ఒకదాని తర్వాత ఒకటి చేతులు మార్చుకుంటూ దీన్ని తీసుకొచ్చి వేరే ప్రోటీన్‌కి తగిలిస్తాయి. ఒకటి కాదు, వరసగా గొలుసులా తగిలిస్తే ఆ ప్రోటీన్‌ని ప్రోటియజోమ్ పట్టుకుని ముక్కలు చేసేస్తుంది. 2004లో కెమిస్ట్రీ నోబెల్ సీకనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకి ఇచ్చింది దీనికే. ఎవరిని చంపాలో ఎంచుకునేది ఈ3 లైగేజ్. వీటిలో ఒక తరగతికి గురి చూపించే ఎఫ్-బాక్స్ ప్రోటీన్లు మనిషిలో 70 దాకా ఉంటే అరాబిడాప్సిస్‌లో దాదాపు 700.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకి వస్తున్నా. మొక్క పెరుగుదల ఎలా నడుస్తుందంటే, పెరగడానికి కావలసిన జీన్లు సిద్ధంగానే ఉంటాయి, వాటి మీద బ్రేకు వేసి కూర్చున్న ప్రోటీన్లు కొన్ని ఉంటాయి, హార్మోన్ వచ్చి చేసే పని ఆ బ్రేకుని ఈ3 లైగేజ్‌కి పట్టించడం. ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోన్ తీసుకో. ఆక్సిన్‌ని 1930ల నుంచీ మనకి తెలుసు, కానీ అది కణంలో ఎవరికి అంటుకుంటుందో తేలింది 2005లో, మార్క్ ఎస్టెల్, ఒట్టొలిన్ లేజర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల ల్యాబులు విడివిడిగా ఒకేసారి చూపించాయి. అందరూ కణం పైపొర మీద హార్మోన్‌ని అందుకునే రిసెప్టర్ ఏదో ఉంటుందనుకుంటే తీరా చూస్తే అది టీఐఆర్1 అనే ఎఫ్-బాక్స్ ప్రోటీన్, అంటే ఈ3 లైగేజ్‌లో ఒక భాగమే. 2007లో దాని స్ఫటిక నిర్మాణం బయటికొచ్చాక ఇంకా స్పష్టమైంది, టీఐఆర్1లో ఒక గుంట ఉంది, ఆక్సిన్ వెళ్ళి ఆ గుంట అడుగున కూర్చుంటుంది, దాని మీద ఆక్స్-ఐఏఏ అనే బ్రేకు ప్రోటీన్ వచ్చి అతుక్కుంటుంది, ఆక్సిన్ లేకపోతే ఆ రెంటి మధ్య పట్టు బలంగా ఉండదు. అతుక్కుందా, యుబిక్విటిన్ పడుతుంది, ప్రోటియజోమ్‌కి పోతుంది, అప్పటిదాకా బిగబట్టి ఉన్న జీన్లు పనిలోకి వస్తాయి. కొన్ని ఆక్స్-ఐఏఏ ప్రోటీన్ల ఆయుష్షు ఆక్సిన్ ఉన్నప్పుడు నిమిషాల్లోనే ఉంటుంది, అంత వేగం. పట్టికలో లైగేజ్ అని నువ్వు చదివింది వేరులోనూ చిగురులోనూ ఈ క్షణాన చేస్తున్న పని అదే.

2,4-డి అనే కలుపు మందు కూడా ఇదే గుంటలో కూర్చుంటుంది. కాకపోతే మొక్క మామూలు ఆక్సిన్‌ని విరగ్గొట్టినంత తేలిగ్గా దాన్ని విరగ్గొట్టలేదు, బ్రేకులు తీస్తూనే ఉంటుంది, కాండం మెలికలు తిరిగి వెడల్పాకు మొక్క చచ్చిపోతుంది.

ప్రశ్న: గింజలు చీకటి గదిలో మర్చిపోతే తెల్లగా, పొడుగ్గా, తల వంచుకుని మొలిచాయి. వెలుతుర్లో పెట్టగానే ఒకట్రెండు రోజుల్లో తల ఎత్తి ఆకులు విప్పేశాయి. దీనికీ ఎంజైమేనా కారణం?

జవాబు: అవునండి, దీనికి కూడా ఈ3 లైగేజే. పేరు సీఓపీ1. చీకట్లో ఇది కేంద్రకంలో కూర్చుని హెచ్‌వై5 అనే ప్రోటీన్ తయారైంది తయారైనట్టే యుబిక్విటిన్ వేసి నాశనం చేయిస్తూ ఉంటుంది. హెచ్‌వై5 ఉంటేనే వెలుతుర్లో పెరగడానికి కావలసిన జీన్లు నడుస్తాయి. వెలుతురు తగలగానే ఫైటోక్రోమ్, క్రిప్టోక్రోమ్ అనే కాంతి ప్రోటీన్లు సీఓపీ1ని పని చెయ్యనివ్వవు, తర్వాత అది కేంద్రకం నుంచి కూడా తగ్గిపోతుంది, హెచ్‌వై5 పోగవుతుంది, మీరు చూసిన మార్పంతా మొదలవుతుంది.

ఒక్కసారి ఆ చీకటి మొలకని దగ్గర పెట్టుకుని చూడండి. కాండం పైన కొక్కెంలా ఒంగి ఉంటుంది, బీజదళాలు గట్టిగా మూసుకుని ఉంటాయి. మట్టిలోంచి పైకి వచ్చేటప్పుడు లేత చిగురు రాపిడికి దెబ్బ తినకుండా ఉండటానికే ఆ ఒంపు. సీఓపీ1 పాడైన మ్యూటెంట్ మొక్కలైతే కటిక చీకట్లో కూడా ఆ కొక్కెం లేకుండా, పొట్టిగా, ఆకులు విప్పుకుని మొలుస్తాయి, వెలుతుర్లో ఉన్నట్టే ప్రవర్తిస్తాయి. పచ్చగా మాత్రం అవ్వవు, ఎందుకంటే పూల మొక్కల్లో క్లోరోఫిల్ తయారీలో ఒక మెట్టుకి వెలుతురు తప్పనిసరి, దానికి సీఓపీ1తో పనిలేదు.

ప్రశ్న: హరిత విప్లవం పొట్టి గోధుమల వెనక ప్రోటీన్లకి అంటించే గుర్తుల కథ ఉందని ఎక్కడో విన్నాను. పొట్టి అవడానికీ దిగుబడికీ ప్రోటీన్‌కీ ఏం సంబంధం?

జవాబు: చాలా దగ్గర సంబంధం. జిబ్బరెల్లిన్ హార్మోన్ కాండాన్ని పొడుగు చేస్తుంది కదా, దానికి అడ్డం కూర్చునే ప్రోటీన్ల పేరు డెల్లా. జిబ్బరెల్లిన్ వస్తే జీఐడీ1 అనే రిసెప్టర్ దాన్ని పట్టుకుని, ఆ జంట వెళ్ళి డెల్లాని పట్టుకుని, ఎఫ్-బాక్స్ ప్రోటీన్‌కి అప్పజెప్తుంది, యుబిక్విటిన్ పడుతుంది, డెల్లా పోతుంది, కాండం సాగుతుంది. జీఐడీ1ని జపాన్ పరిశోధకులు 2005లో వరిలో కనిపెట్టారు.

ఇప్పుడు గోధుమ. జపాన్‌లో 1935లో నమోదైన నోరిన్ 10 అనే పొట్టి రకం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా చేరింది, అక్కణ్ణించి మెక్సికోలో పనిచేస్తున్న నార్మన్ బోర్లాగ్ చేతికి వచ్చింది. ఆయన దాన్ని వేరే రకాలతో సంకరం చేసి తీసిన గోధుమలే ప్రపంచమంతా పరుచుకున్నాయి, 1970లో ఆయనకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అప్పటికి ఆ పొట్టితనం ఏ జీన్ వల్లో ఎవరికీ తెలియదు. 1999లో తెలిసింది: నోరిన్ 10 నుంచి వచ్చిన ఆ జీన్లలో డెల్లా ప్రోటీన్ ముందు భాగం లేకుండా పోయింది, జీఐడీ1 పట్టుకునే చోటు సరిగ్గా అదే. జిబ్బరెల్లిన్ ఎంత ఉన్నా డెల్లాకి యుబిక్విటిన్ పడదు, బ్రేకు పడే ఉంటుంది, కాండం పొట్టిగా గట్టిగా ఉంటుంది, ఎరువు ఎక్కువేసి కంకి బరువెక్కినా పడిపోదు, కాండానికి పోవలసిన తిండి గింజకి పోతుంది. కోట్ల మంది కడుపు నింపిన మార్పు చివరికి ఒక ఎంజైమ్ గుర్తు వెయ్యలేకపోవడం అని తెలుసుకున్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది కలిపేసే విషయం ఒకటుంది. ఐఆర్8 వరి కూడా పొట్టిదే, అదీ హరిత విప్లవం రకమే, కానీ దాని కారణం వేరు. అందులో పాడైంది జిబ్బరెల్లిన్‌ని తయారుచేసే ఎంజైమ్. హార్మోనే తక్కువ, డెల్లా మాత్రం మామూలుదే. అందుకే ఐఆర్8 లాంటి వరికి బయట నుంచి జిబ్బరెల్లిన్ ఇస్తే పొడుగవుతుంది, నోరిన్ గోధుమ పెద్దగా స్పందించదు.

డెల్లా మీద ఇంకో రెండు ఎంజైముల గొడవ కూడా ఉంది, చక్కెర గుర్తులు వేసేవి. స్పిండ్లీ అనేది డెల్లాకి ఫ్యూకోజ్ అనే చక్కెర అంటిస్తే డెల్లాకి బలం వస్తుంది, సీక్రెట్ ఏజెంట్ అనేది గ్లూకోజమైన్ రకం చక్కెర అంటిస్తే డెల్లా బలహీనపడుతుంది. స్పిండ్లీని 1993లో ఎలా దొరకబట్టారంటే, జిబ్బరెల్లిన్ తయారీని ఆపేసి గింజని మొలవనివ్వని పాక్లోబ్యూట్రజాల్ మందు వేసినా మొలకెత్తిన గింజల్లోంచి ఏరారు. అది ఫ్యూకోజ్ అంటిస్తుందని తేలడానికి మాత్రం 2017 దాకా పట్టింది. ఈ రెండు ఎంజైములూ ఒకేసారి పోతే పిండం దశలోనే చచ్చిపోతుంది, గింజే రాదు. అంటే చక్కెర గుర్తులు ఎత్తు కోసమే కాదు, బతకడానికే కావాలన్నమాట.

ప్రశ్న: ఇన్ని ఎంజైములు పెరుగుదలకి అంత ముఖ్యమైతే వాటిని నీళ్ళలో కలిపి ఆకుల మీద కొట్టొచ్చు కదా?

జవాబు: కొట్టినా లాభం లేదండి. ఇవి పెద్ద పెద్ద ప్రోటీన్లు, ఆకు మీది మైనపు పొర, కణ కవచం, కణ త్వచం దాటి లోపలికి మామూలుగా పోలేవు, పోయినా సరైన చోట సరైన సమయంలో ఉండాలి. హార్మోన్లు చిన్న అణువులు కాబట్టి లోపలికి పోతాయి, అందుకే స్ప్రేల్లో హార్మోన్లు పనిచేస్తాయి. ఆకు మీద చల్లే డబ్బా మీద ఎంజైమ్ అని రాసి ఉంటే అది ఈ కైనేజ్, లైగేజ్‌ల పని చేస్తుందని మాత్రం నమ్మకండి. వీటిని మార్చాలంటే జీన్ దగ్గరే మార్చాలి, బ్రీడింగ్ ద్వారానో ఎడిటింగ్ ద్వారానో.

ప్రశ్న: కొన్ని టమాటాలు గుండ్రంగా చిన్నగా ఉండి కోస్తే రెండే గదులుంటాయి, కొన్ని గుమ్మడికాయలా గాడులు పడి లోపల ఏడెనిమిది గదులుంటాయి. ఇది నీళ్ళూ ఎరువూ తేడానా?

జవాబు: నీళ్ళూ ఎరువూ కాయ బరువుని మారుస్తాయి కానీ గదుల సంఖ్య పువ్వు పుట్టకముందే తేలిపోతుంది. కొమ్మ చివర కంటికి సరిగ్గా ఆనని చిన్న గుమ్మటం ఉంటుంది, అక్కడ కణాలు విభజన చెందుతూనే ఉంటాయి. ఆ గుమ్మటం ఎంత వెడల్పుంటే పువ్వులో అన్ని ఎక్కువ రేకులు, అన్ని ఎక్కువ అండాశయం గదులు. వెడల్పు పెరగకుండా చూసేది క్లావాటా3 అనే పొట్టి పెప్టైడ్, 13 అమైనో ఆమ్లాలు, అంతే. అది బయటికొచ్చి పక్క కణాల మీదున్న క్లావాటా1 అనే కైనేజ్ రిసెప్టర్‌కి తగిలి ఇక చాలు అని చెప్తుంది.

అయితే ఈ పెప్టైడ్ వట్టిగా వెళ్తే సరిగ్గా పనిచెయ్యదు. ముందు ఒక ఎంజైమ్ దానిలో ప్రోలీన్‌ని హైడ్రాక్సీప్రోలీన్‌గా మారుస్తుంది, తర్వాత ఇంకో ఎంజైమ్ దానికి అరాబినోజ్ చక్కెర తగిలిస్తుంది, దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి, అలా మూడు చక్కెరల గొలుసు. 2015లో జాక్ లిప్‌మన్ బృందం టమాటాలో ఈ అరాబినోజ్ తగిలించే ఎంజైమ్ పాడైతే ఏమవుతుందో చూపించింది: గుమ్మటం లావైపోయింది, పువ్వులో భాగాలు విపరీతంగా పెరిగాయి, కాయలో గదులు బోలెడయ్యాయి. మూడు చక్కెర అణువులు తేడా వస్తే కాయ ఆకారమే మారిపోయింది. మనం రోజూ చూసే పెద్ద టమాటాల్లో మాత్రం ఎక్కువగా ఉన్నది ఈ మార్పు కాదు, క్లావాటా3 జీన్ నడవడమే తగ్గించిన మార్పూ, దానికి తోడు ఇంకో జీన్‌లోని మార్పూ. దారి వేరు, దెబ్బ తగిలేది ఆ గుమ్మటం కొలతకే. అడవి టమాటా కాయలో గదులు రెండే, ఇది గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: నా దగ్గరున్న పెటూనియా మొక్కకి దాని పుప్పొడే కుంచెతో తీసి దాని పువ్వుకే రాస్తే కాయ కట్టట్లేదు. ఇంకో పెటూనియా పుప్పొడి రాస్తే వెంటనే కట్టింది. పుప్పొడిలో లోపం ఉందనుకుందామంటే అదే పుప్పొడి రెండో మొక్క మీద బాగా పనిచేస్తోంది. ఏం జరుగుతోందండి లోపల?

జవాబు: మీరు చాలా జాగ్రత్తగా గమనించారు, రెండువైపులా పరీక్ష చేసి చూశారు, కాబట్టి జవాబు కూడా కొంచెం వివరంగా చెప్తాను. మీ మొక్క తన పుప్పొడిని తానే వద్దంటోంది. దీన్ని స్వయం అననుగుణ్యత అంటారు, అన్ని పెటూనియాలకీ ఉండదు, కొన్ని తోట రకాల్లో పోయింది, మీదాంట్లో ఉంది.

పెటూనియాలో ఇది ఇలా నడుస్తుంది. కీలంలో, అంటే పువ్వు ఆడ భాగంలో కాడలా ఉండే చోట, ఎస్-ఆర్ఎన్ఏజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, పుప్పొడి గొట్టం కీలం గుండా కిందికి దిగుతున్నప్పుడు అది గొట్టం లోపలికి దూరి ఆర్ఎన్ఏని ముక్కలు చేసేస్తుంది, గొట్టం మధ్యదారిలో ఆగి చచ్చిపోతుంది. మరి పరాయి పుప్పొడి ఎలా బతుకుతోంది అంటే, పుప్పొడి దగ్గర ఎస్ఎల్ఎఫ్ అనే ఎఫ్-బాక్స్ ప్రోటీన్లు ఒక గుంపు ఉంటాయి, ఒక్కొక్కటీ కొన్ని రకాల పరాయి ఎస్-ఆర్ఎన్ఏజ్‌లని గుర్తుపట్టి యుబిక్విటిన్ వేయించి పనికిరాకుండా చేస్తుంది. ఆ గుంపులో అందర్నీ గుర్తుపట్టేవాళ్ళున్నారు గానీ సొంత రకాన్ని పట్టేది మాత్రం లేదు. అందుకే సొంత కీలంలో పుప్పొడికి రక్షణ లేదు, పరాయి కీలంలో ఉంది. ఆలోచించి చూడండి, ఎంత తిరగేసి పెట్టిన ఏర్పాటో.

క్యాబేజీ, ఆవాల కుటుంబంలో ఫలితం అదే కానీ దారి పూర్తిగా వేరు. అక్కడ కీలాగ్రం (కీలం కొన) మీదే ఎస్ఆర్‌కె అనే కైనేజ్ కాపలా ఉంటుంది. పుప్పొడి పైపూతలో ఉండే చిన్న ప్రోటీన్ సొంతదైతే దానికి తగులుతుంది, కైనేజ్ ఫాస్ఫేట్లు వెయ్యడం మొదలుపెడుతుంది, ఆ కబురు ఏఆర్‌సీ1 అనే ఈ3 లైగేజ్‌కి చేరుతుంది, అది పుప్పొడిని ఆహ్వానించడానికి కావలసిన ప్రోటీన్లని నాశనం చేయిస్తుంది, కీలాగ్రం నీళ్ళివ్వదు, ఎండిన పుప్పొడి రేణువు ఎండినట్టే ఉండిపోతుంది. గొట్టం మొదలవడం కూడా ఉండదు. అరాబిడాప్సిస్‌లో ఈ ఏర్పాటు పరిణామంలో పోయింది, అందుకే అది తన పుప్పొడితోనే గింజ కడుతుంది. నస్రల్లా దంపతుల బృందం 2002లో దాని దగ్గరి బంధువు నుంచి ఆ కైనేజ్ జీన్‌నీ పుప్పొడి ప్రోటీన్ జీన్‌నీ తెచ్చి పెడితే అరాబిడాప్సిస్ మళ్ళీ సొంత పుప్పొడిని వద్దనడం మొదలుపెట్టింది.

సరే, పుప్పొడిని ఒప్పుకున్నారనుకుందాం. అప్పుడు మొదలవుతుంది అసలు ప్రయాణం. మొక్కజొన్నలో పీచు అడుగు పొడవు దాకా ఉంటుంది, దాని పొడవునా పుప్పొడి గొట్టం గంటకి సెంటీమీటరు దాకా సాగుతూ పోతుంది, ఒక్క కణం! గొట్టం మొత్తం పెరగదు, కొన మాత్రమే పెరుగుతుంది, గొట్టం గోడకి కావలసిన సరుకు చిన్న చిన్న బుడగల్లో కొనకి చేరుతూ ఉండాలి. ఆ బుడగల్ని సరైన చోటికి చేర్చేవి ర్యాబ్ ప్రోటీన్లు, కొన ఎక్కడో తేల్చేవి ఆర్ఓపీ ప్రోటీన్లు. ఇవి పొరకి అంటుకుని ఉండాలి కానీ వాటంతట అవి అంటుకోలేవు, ప్రీనైల్ ట్రాన్స్‌ఫెరేజ్ అనే ఎంజైములు వాటి చివర సిస్టీన్‌కి 15 లేదా 20 కార్బన్ల కొవ్వు తోక తగిలిస్తేనే పొరలో దిగబడతాయి. అరాబిడాప్సిస్‌లో ర్యాబ్‌లకి తోక తగిలించే ఎంజైమ్‌లో ఒక భాగం పాడైతే మొక్క పొట్టిగా అయిపోతుంది, పుప్పొడి సరిగ్గా తయారవదు, గొట్టం సరిగ్గా సాగదు, మగ వైపు వంధ్యత్వం వచ్చేస్తుంది. తోకల ఎంజైముల్లో ఇంకోటి, ఫార్నెసిల్ ట్రాన్స్‌ఫెరేజ్, పోతే గింజ కట్టడం ఆగదు గానీ పువ్వులో రేకులు పెరుగుతాయి, ఆకు రంధ్రాలు కరువు హార్మోన్‌కి అతిగా స్పందించి త్వరగా మూసుకుంటాయి, మొక్క నీటి ఎద్దడిని బాగా తట్టుకుంటుంది. ఈరా1 అనే పేరుతో 1996లో దొరికిన మ్యూటెంట్ ఇది.

గొట్టం అండం దగ్గరికి వచ్చాక దారి ఎవరు చూపిస్తారు? స్త్రీ బీజకణం పక్కన రెండు సహాయ కణాలుంటాయి, అవి లూర్ అనే పెప్టైడ్లని వదుల్తాయి, జపాన్‌లో హిగషియామా బృందం 2009లో కనిపెట్టింది. గొట్టం కొన మీద ఉన్న పీఆర్‌కే6 అనే కైనేజ్ రిసెప్టర్ ఆ లూర్‌ని పసిగట్టి గొట్టాన్ని అటు తిప్పుతుందని 2016లో తేలింది. అండంలోకి దూరాక గొట్టం ఆగిపోయి పగలాలి, పగిలితేనే లోపలున్న రెండు మగ బీజాలు బయటికొస్తాయి, ఒకటి స్త్రీ బీజకణంతో కలిసి పిండం అవుతుంది, రెండోది మధ్య కణంతో కలిసి పిండానికి తిండి పెట్టే అంకురచ్ఛదం అవుతుంది. ఈ పగిలే క్షణాన్ని సహాయ కణం మీదున్న ఫెరోనియా అనే కైనేజ్ నడిపిస్తుంది. ఫెరోనియా లేని అండంలో ఏం జరుగుతుందో మైక్రోస్కోపులో తీసిన ఫోటోలు చూస్తే మనసు పట్టేస్తుంది: గొట్టం లోపలికి వచ్చింది, రావలసిన చోటికే వచ్చింది, కానీ ఆగమనే మాట అందలేదు, పగలలేదు, అండం లోపలే చుట్టలు చుట్టలుగా పెరుగుతూ పోతోంది, బీజాలు దానిలోనే ఉండిపోయాయి. ఇంకోవైపు గొట్టం మీద ఫెరోనియాకి దగ్గరి చుట్టాలైన అంక్సర్ కైనేజ్‌లు ఉంటాయి, అవి పోతే గొట్టం కీలంలోనే ముందుగా పగిలిపోతుంది. తొందరగా పగలకుండా ఒక జత, సరైన చోట పగిలేట్టు ఇంకోటి. మీ పెటూనియాకి రెండో మొక్క పుప్పొడి రాసిన ప్రతిసారీ ఇలాంటి ప్రయాణమే లోపల జరుగుతోంది.

ప్రశ్న: పువ్వు వచ్చింది, పుప్పొడి కూడా ఉంది, పుప్పొడి సంచి, అంటే పరాగకోశం మాత్రం విచ్చుకోదు. హార్మోన్ కొడితే కొన్ని మొక్కల్లో బాగవుతుంది, కొన్నింట్లో అవదు అని చదివాను, ఎందుకు?

జవాబు: జాస్మోనేట్ అనే హార్మోన్ గురించి చదివి ఉంటారు. అరాబిడాప్సిస్‌లో పరాగకోశం విచ్చుకోవడానికీ పుప్పొడి పూర్తిగా పక్వం అవడానికీ అది కావాలి, దాని పని కూడా ఒక బ్రేకు ప్రోటీన్‌ని సీఓఐ1 అనే ఎఫ్-బాక్స్ ద్వారా నాశనం చేయించడమే. హార్మోన్ తయారీ దగ్గర లోపం ఉంటే, తయారీ ఎంజైమ్ పాడైన ఓపీఆర్3 మ్యూటెంట్ లాగా, బయట నుంచి జాస్మోనేట్ ఇస్తే గింజ కడుతుంది. సీఓఐ1 పోతే ఎంత ఇచ్చినా లాభం లేదు, హార్మోన్ ఉంది గానీ గుర్తు వేసే ఎంజైమ్ లేదు.

ప్రశ్న: ఫలదీకరణ లేకుండానే గింజ వచ్చేట్టు చెయ్యొచ్చా? అలా అయితే హైబ్రిడ్ విత్తనాన్ని ఏటా కొనక్కర్లేదు కదా.

జవాబు: దీని మీద చాలామంది చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నారు. ఇందులో ప్రోటీన్ గుర్తుల పాత్ర పెద్దది. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్లు కూడా ప్రోటీన్లే, వాటిలో హెచ్3 అనే దానికి 27వ లైసీన్ మీద మూడు మిథైల్ గ్రూపులు అంటిస్తే అక్కడి జీన్లు మూసుకుంటాయి. ఈ పని చేసే ఎంజైముల్లో ఒకటి మెడియా, 1998లో గ్రాస్‌నిక్లాస్ బృందం వివరించింది. మామూలుగా ఫలదీకరణ అయ్యేదాకా మధ్య కణం విభజన మొదలుపెట్టకుండా ఇది ఆపుతుంది. ఇది పాడైతే ఫలదీకరణ లేకుండానే అంకురచ్ఛదం మొదలైపోతుంది. అయితే సంబరపడకండి, పిండం రాదు, ఆ గింజ మొలవదు. ఫలదీకరణ అయినా కూడా తల్లి వైపు నుంచి పాడైన మెడియా వస్తే పిండం మధ్యలోనే చచ్చిపోతుంది, తండ్రి వైపు నుంచి మంచిది వచ్చినా కాపాడలేదు, ఎందుకంటే అంకురచ్ఛదంలో నడిచేది తల్లి కాపీ మాత్రమే. గ్రీకు పురాణంలో సొంత పిల్లల్ని చంపిన తల్లి పేరు దీనికి పెట్టింది అందుకే.

వరిలో మాత్రం ఒక అడుగు పడింది. సుందరేశన్ బృందం 2018 చివర్లో ప్రకటించిన పనిలో మూడు జీన్లు తీసేసి క్షయకరణ విభజన (క్రోమోజోములు సగమయ్యే విభజన) బదులు మామూలు విభజన జరిగేట్టు చేశారు, బీబీఎం1 అనే జీన్‌ని స్త్రీ బీజకణంలో నడిపించి మగ బీజం లేకుండానే పిండం మొదలయ్యేట్టు చేశారు. తీసేసిన మూడింటిలో ఓఎస్‌డీ1 ఉంది, దాని మామూలు పని కణ విభజనని నడిపే ఒక పెద్ద ఈ3 లైగేజ్‌ని అదుపులో పెట్టడం, అది పోతే రెండో విభజన జరగకుండానే ఆగిపోతుంది. అలా వచ్చిన మొక్కల్లో 29 శాతం దాకా గింజలు తల్లికి అచ్చు నకళ్ళు. కానీ ఆ గింజల్లో కూడా అంకురచ్ఛదం మామూలు ఫలదీకరణతోనే వచ్చింది, పుప్పొడి ఇంకా కావాలి. మీరడిగినట్టు ఫలదీకరణ అసలే లేని గింజ రావాలంటే పిండం దగ్గర బీబీఎం1 చేసిన పనికి తోడు, మధ్య కణం దగ్గర ఆ మిథైల్ గుర్తుల అడ్డుని గింజ చావకుండా తీసే దారి కూడా దొరకాలి.